ఉష్ణమండల దీవికి ఏ లెన్స్‌లు పట్టుకెళ్లాలి? ఎంపిక నుంచి తిరిగొచ్చాక తుడవడం దాకా

"దీవికి వెళ్తున్నాం, ఏ లెన్స్ తీసుకెళ్లాలి?" అని అడిగేవాళ్లలో ఎక్కువమంది తమ దగ్గరున్న నాలుగైదు లెన్స్‌ల పేర్లు చెప్పి, వీటిలో ఏది వదిలెయ్యమంటారు అంటారు. నేను తిరిగి ఒక్కటే అడుగుతాను: అక్కడ లెన్స్ ఎక్కడ మారుస్తారు?

మామూలు ప్రయాణంలో ఏ చెట్టు కిందో నిలబడి మార్చేసుకోవచ్చు. దీవిలో అది కుదరదు. గాలిలో ఉప్పు తుంపర, కాళ్ల కింద ఇసుక, చేతులకు చెమట, పడవలో కుదుపు. నిశ్చింతగా లెన్స్ మార్చగల చోటు చాలా రోజుల్లో మీ గది ఒక్కటే. కాబట్టి పొద్దున తగిలించిన లెన్స్ గదికి తిరిగొచ్చేదాకా కెమెరాకే ఉండాలి. కింద చెప్పేవన్నీ ఈ లెక్క మీదే నడుస్తాయి.

## 1. ముందు కాగితం మీద రోజులు రాయండి

లెన్స్‌ల జోలికి పోకుండా, అక్కడ ఏమేం చేయబోతున్నారో రోజువారీగా రాసుకోండి. ఒక్కో పనికి ఎదురుగా మూడు మాటలు చాలు: ఏ వేళ, తడి ఎంత, వస్తువు ఎంత దూరం.

ఉదాహరణకు:

- తీరంలో నడక: పొద్దున, సాయంత్రం. తుంపర ఉంటుంది. దగ్గరా, దూరమూ రెండూ.
- పడవ మీద డాల్ఫిన్లు: పగలు. బాగా తడి. దూరం.
- అడవి దారి, జలపాతం: పగలే అయినా చీకటి. తేమ, ఒక్కోసారి వాన. దగ్గర.
- పగడపు దిబ్బల మీద ఈత: నీళ్లలోనే. చాలా దగ్గర.
- సాయంత్రం మనుషుల ఫొటోలు: వెలుతురు తక్కువ. తడి లేదు. దగ్గర.

రాశాక ఏ వరస ఎక్కువసార్లు వచ్చిందో చూడండి. ఏడు రోజుల ప్రయాణంలో పక్షుల కోసం ఒక్క పూటే ఉంటే, ఆ పూట కోసం రెండు కిలోల లెన్స్ ఏడు రోజులూ మొయ్యాలా? చాలామంది ఈ కాగితం చూసుకున్నాకే సగం సంచి ఖాళీ చేస్తారు.

## 2. మీ సెన్సర్‌కి తగ్గ అంకెలు

లెన్స్ మీది మి.మీ. అంకెను ఫోకల్ లెంగ్త్ అంటారు; చిన్నదైతే వెడల్పైన దృశ్యం, పెద్దదైతే దూరపు వస్తువు దగ్గరగా. ఆ అంకె ఒకటే అయినా, సెన్సర్ సైజును బట్టి అది చూపించే విస్తీర్ణం మారుతుంది. ఈ వ్యాసంలో లెన్స్‌ల పేర్లలోవి తప్ప మిగతా అంకెలన్నీ ఫుల్ ఫ్రేమ్ (పాత ఫిల్మ్ అంత పెద్ద సెన్సర్) లెక్కలో చెబుతాను. మీది అంతకంటే చిన్న సెన్సర్ ఉన్న ఏపీఎస్-సీ కెమెరా అయితే 1.5తో భాగించండి, కానన్‌ది అయితే 1.6తో. ఇంకా చిన్నదైన మైక్రో ఫోర్ థర్డ్స్ అయితే 2తో.

అంటే ఫుల్ ఫ్రేమ్‌లో 24-105 మి.మీ. చేసే పని ఏపీఎస్-సీలో దాదాపు 16-70, మైక్రో ఫోర్ థర్డ్స్‌లో దాదాపు 12-50 చేస్తుంది. కిట్‌తో వచ్చే 18-55 ఫుల్ ఫ్రేమ్ లెక్కలో 27-83 అవుతుంది. తీరంలో అది కొంచెం ఇరుకు.

## 3. రోజంతా ఉండే లెన్స్‌ని ఎంచుకోండి

ఇదే అసలు నిర్ణయం. మిగతావి దీనికి తోడు మాత్రమే.

ఈ లెన్స్‌కి నాలుగు గుణాలు కావాలి. వీటి వరస కూడా ముఖ్యమే.

మొదటిది, 24 దగ్గరే మొదలవ్వాలి. తీరం, ఆకాశం, పడవ ముక్కు, గది వరండా: దీవిలో కంటికి ఆనేవన్నీ వెడల్పైనవే. 28తో మొదలయ్యే జూమ్ పడవ మీద ఇబ్బంది పెడుతుంది, ఎందుకంటే అక్కడ వెనక్కి నాలుగడుగులు వేసే వీలుండదు.

రెండోది, కనీసం 100 దాకా వెళ్లాలి. నీళ్లలో ఆడుతున్న పిల్లల దగ్గరికి కెమెరాతో దిగలేం. ఒడ్డున నిలబడి తీయడానికి 70 చాలదు. 105, 120 ఉంటే మోకాలి లోతు నీళ్లలో ఉన్న మనిషి ఫ్రేమ్‌లో నిండుగా కనిపిస్తాడు.

మూడోది, తేమను ఆపే సీలింగ్. లెన్స్ మౌంట్ దగ్గర, అంటే కెమెరాకి తగిలే లోహపు అంచున, సన్నటి రబ్బరు రింగు ఉందేమో చూడండి. లేకపోతే ఆ లెన్స్‌కి సీలింగ్ లేనట్టే లెక్క. రింగు ఉన్నంత మాత్రాన నీళ్లలో ముంచవచ్చని కాదు; చినుకులకు, తుంపరకు ఓర్చుకుంటుందంతే. కెమెరా బాడీకి కూడా సీలింగ్ ఉంటేనే ప్రయోజనం. కొన్ని లెన్స్‌లకు ముందు ఫిల్టర్ బిగిస్తేనే సీలింగ్ పూర్తవుతుంది. ఆ సంగతి లెన్స్‌తో వచ్చిన పుస్తకంలోనే రాసి ఉంటుంది, ఎవరూ చదవరు.

నాలుగోది, బరువు. మెడలో పది గంటలు వేలాడాలి, అదీ ఉక్కపోతలో. 700 గ్రాములు దాటితే మధ్యాహ్నానికి కెమెరా గదిలో పడి ఉంటుంది.

గమనించారా, పెద్ద అపర్చర్ (వెలుతురు లోపలికొచ్చే రంధ్రం; ఎఫ్ అంకె చిన్నదైన కొద్దీ ఇది పెద్దది) ఈ పట్టికలో లేదు. కారణం మామూలు లెక్కే. మిట్టమధ్యాహ్నం ఎండలో ఐఎస్ఓ (వెలుతురుకి సెన్సర్ స్పందించే స్థాయి) 100 దగ్గర, ఎఫ్/16కి షట్టర్ సుమారు సెకనులో 100వ వంతు. అదే వెలుతురులో ఎఫ్/1.8 పెట్టాలంటే 8000వ వంతు కావాలి. చాలా కెమెరాల మెకానికల్ షట్టర్ 4000 దగ్గరే ఆగిపోతుంది. పగలు తీరంలో ఎలాగూ ఎఫ్/8 చుట్టూనే తిరుగుతాం. దానికి బరువైన ఎఫ్/2.8 జూమ్ మొయ్యడం ఎందుకు? ఎఫ్/4 జూమ్ చాలు.

ఈ పనికి బాగా సరిపోయే కొన్ని:

- ఫుల్ ఫ్రేమ్: కానన్ ఆర్ఎఫ్ 24-105 ఎఫ్/4 ఎల్, నికాన్ జెడ్ 24-120 ఎఫ్/4 ఎస్, సోనీ 20-70 ఎఫ్/4 జీ. సోనీ లెన్స్ 70 దగ్గర ఆగిపోయినా 20 దగ్గర మొదలవుతుంది కాబట్టి వేరే వైడ్ లెన్స్ అక్కర్లేకుండా చేస్తుంది.
- ఏపీఎస్-సీ: ఫుజిఫిల్మ్ 16-80 ఎఫ్/4, టామ్రాన్ 17-70 ఎఫ్/2.8.
- మైక్రో ఫోర్ థర్డ్స్: ఓఎం సిస్టమ్ 12-100 ఎఫ్/4. ఫుల్ ఫ్రేమ్ లెక్కలో 24-200. దీవికి ఒకే లెన్స్ అంటే నేను మొదట చెప్పే పేరు ఇదే.

ఒకే లెన్స్‌తో 200 దాకా వెళ్లే సూపర్‌జూమ్‌లను ఫొటోగ్రాఫర్లు చిన్నచూపు చూస్తారు. నికాన్ జెడ్ 24-200, సోనీకి వచ్చే టామ్రాన్ 28-200 లాంటివి అంచుల్లో కొంచెం మెత్తగా ఉంటాయి, నిజమే. అయితే లెన్స్ మార్చబోయి సెన్సర్ మీద పడేసుకున్న ఇసుక రేణువు అంతకంటే పెద్ద నష్టం. మిగతా చోట్ల నేనూ సూపర్‌జూమ్ వద్దనే అంటాను, దీవిలో మాత్రం కాదు.

## 4. రెండో లెన్స్: ఒక్కటే, దానికో కారణం

మొదటి లెన్స్ చేయలేని పని ఏదో మీ కాగితంలో ఉంటేనే రెండోది. కింది మూడింటిలో ఒకటి ఎంచుకోండి. మూడూ కావాలనిపిస్తే కాగితం మళ్లీ చూడండి.

సాయంత్రాలు ఎక్కువైతే: 35 మి.మీ. ఎఫ్/1.8 ప్రైమ్, అంటే జూమ్ లేని లెన్స్. భూమధ్యరేఖ దగ్గర సూర్యుడు దాదాపు నిట్టనిలువుగా దిగుతాడు. అస్తమించాక ఫొటోకి పనికొచ్చే వెలుతురు 20-25 నిమిషాల కంటే ఎక్కువ నిలవదు. చల్లటి దేశాల్లోలా గంటలకొద్దీ సాగే సంధ్య అక్కడ ఉండదు. ఆ తరువాత తీసేవన్నీ దీపాల వెలుగులోనే. ఎఫ్/4తో పోలిస్తే ఎఫ్/1.8 నాలుగు రెట్ల కంటే ఎక్కువ వెలుతురు లోపలికి తెస్తుంది. కుటుంబంతో వెళ్లేవాళ్లకు నా ఓటు దీనికే. చిన్నది, తేలిక, జేబులో పడుతుంది.

పక్షులు, డాల్ఫిన్లు, అలల మీద సర్ఫింగ్ అయితే: 70-300 లేదా 100-400. 70-200 ఎఫ్/2.8 తెచ్చుకుందామని చూడకండి. పగలు ఆ ఎఫ్/2.8తో పని లేదు, 200 ఏమో పక్షులకు చాలదు. పడవ మీద 400 దాటిన లెన్స్ కూడా వృథాయే. కుదుపులో వస్తువు ఫ్రేమ్‌లో నిలవదు. డాల్ఫిన్ల కోసం 100-300 మధ్యే ఎక్కువ వాడతారు, ఎందుకంటే అవి ఒక్కోసారి పడవ పక్కకే వచ్చేస్తాయి. ఫుజిఫిల్మ్ 70-300, సోనీ ఏపీఎస్-సీకి 70-350, మైక్రో ఫోర్ థర్డ్స్‌కి 40-150 ఎఫ్/4 తేలికైనవి.

ప్రకృతి దృశ్యాలు, రాత్రి నక్షత్రాలు అయితే: 16-20 మి.మీ. మధ్య వైడ్. నక్షత్రాలు గీతలుగా సాగకుండా ఉండాలంటే 500ని ఫోకల్ లెంగ్త్‌తో భాగించి, వచ్చినన్ని సెకన్లకు మించకుండా తీయాలని పాత లెక్క. 20 మి.మీ.కి 25 సెకన్లు. ఇప్పటి ఎక్కువ మెగాపిక్సెల్ కెమెరాలకు అది కాస్త ఉదారమైన లెక్క, 15కి తగ్గించుకోండి. ఎఫ్/2 చుట్టూ అపర్చర్ ఉంటేనే ఈ లెన్స్‌కి అర్థం. ప్రయాణం పౌర్ణమి దగ్గర పడితే నక్షత్రాల ఆశ వదులుకుని ఈ లెన్స్ ఇంట్లోనే ఉంచండి.

వైడ్ లెన్స్ గురించి ఒక హెచ్చరిక. తీరం బల్లపరుపు నేల. 16 మి.మీ.తో తీస్తే పైన సగం ఖాళీ ఆకాశం, కింద సగం ఖాళీ ఇసుక, మధ్యలో దారంలా సముద్రం వస్తుంది. ముందు భాగంలో ఒక రాయో, ఒరిగిన కొబ్బరి చెట్టో, పడవ తాడో అడుగు దూరంలో లేకపోతే ఆ లెన్స్ తీయకండి.

## 5. పోలరైజర్: దీవిలో తప్పనిసరి

నీటి అడుగున ఉన్న పగడాలు, ఇసుక గీతలు ఫొటోలో కనిపించాలంటే నీటి పైన మెరుపు పోవాలి. ఆ పని కంప్యూటర్‌లో చేయలేం. సర్క్యులర్ పోలరైజర్ ఒక్కటే చేస్తుంది. తడి ఆకుల మీద తెల్లటి మెరుపును కూడా అదే తీసేస్తుంది, అందుకే అడవిలోనూ జలపాతం దగ్గరా దాన్ని లెన్స్ నుంచి విప్పకండి.

వాడే వరస:

1. ఫిల్టర్ బిగించి, ఫొటో అడ్డమా నిలువా ముందే తేల్చుకోండి. కెమెరా తిప్పితే పోలరైజర్‌నీ మళ్లీ తిప్పాలి.
2. నీటి కోసమైతే, నీటిని వాలుగా చూడండి. నీటి మట్టం నుంచి సుమారు 37 డిగ్రీల కోణంలో చూసినప్పుడు మెరుపు బాగా పోతుంది. కెమెరా నీటికి ఒకటిన్నర మీటరు ఎత్తులో ఉంటే, దాదాపు 2 మీటర్ల దూరంలోని నీరు అద్దంలా తేటపడుతుంది. నిటారుగా కిందికి చూస్తే ఫలితం ఉండదు.
3. ఆకాశం కోసమైతే, సూర్యుడికి 90 డిగ్రీల పక్కకు తిరగండి. సూర్యుడు ఎదురుగా ఉన్నా, వీపు వెనక ఉన్నా పోలరైజర్ ఆకాశానికి ఏమీ చేయదు.
4. రింగు నెమ్మదిగా తిప్పుతూ, ప్రభావం పూర్తిగా వచ్చాక కొంచెం వెనక్కి తిప్పండి. పూర్తిగా వదిలేస్తే ఆకాశం సిరా పోసినట్టు నల్లబడుతుంది.
5. వెలుతురు ఒకటి నుంచి రెండు స్టాపులు తగ్గుతుంది (ఒక్కో స్టాపుకి వెలుతురు సగమవుతుంది). షట్టర్ స్పీడ్ ఎంతకు పడిపోయిందో చూసుకోండి.

పొద్దున, సాయంత్రం 24 కంటే వైడ్‌గా తీస్తే ఆకాశంలో ఒక చోట ముదురు నీలి మచ్చ పడుతుంది. ఎందుకంటే సూర్యుడికి 90 డిగ్రీల్లో ఏర్పడే ముదురు పట్టీ ఆ వేళల్లో నడినెత్తి మీదుగా పోతుంది. మిట్టమధ్యాహ్నం సూర్యుడు నెత్తిన ఉంటే ఆ పట్టీ చుట్టూ దిగంతం వెంబడి పడుతుంది కాబట్టి ఏ దిక్కుకు తిరిగినా ఒకేలా వస్తుంది. ఫొటోలకు పనికిరాదనే మధ్యాహ్నం, లోతు లేని నీలి నీళ్లకు మాత్రం మంచి సమయం.

చిన్న మాట: పోలరైజ్డ్ చలువద్దాలు పెట్టుకుని కెమెరా తెర చూస్తే ఒక కోణంలో నల్లగా కనిపిస్తుంది. కెమెరా చెడిపోలేదు. అద్దాలు తీసి చూడండి.

రెండు లెన్స్‌లకు ఫిల్టర్ సైజులు వేరైతే, పెద్ద సైజుకి ఒకటే కొని చిన్నదానికి స్టెప్-అప్ రింగు వేసుకోండి. అప్పుడు చిన్న లెన్స్‌కి హుడ్ (ముందు తగిలించే ఎండ అడ్డు) పట్టకపోవచ్చు, అది మాత్రం ఇంట్లోనే చూసుకోండి.

## 6. ఎన్‌డీ, యూవీ ఫిల్టర్లు

ఎన్‌డీ అంటే రంగు మార్చకుండా వెలుతురును తగ్గించే నల్ల ఫిల్టర్. అలలు పాల నురగలా సాగాలనుకుంటే ఆరు స్టాపుల ఎన్‌డీ ఒక్కటి చాలు, దాన్నే ఎన్‌డీ64 అంటారు. ఎండలో ఐఎస్ఓ 100, ఎఫ్/11కి వచ్చే 200వ వంతు సెకను దీంతో సుమారు మూడో వంతు సెకను అవుతుంది. అల వెనక్కి తగ్గేటప్పుడు ఇసుక మీద గీతలు పడటానికి ఆ వేగం సరిగ్గా సరిపోతుంది. ట్రైపాడ్ తెచ్చుకోకపోతే ఎన్‌డీ కూడా వద్దు.

యూవీ ఫిల్టర్ మీద నాది మధ్యే మార్గం. మామూలుగా వాడను. తుంపర పడే పడవ మీద మాత్రం పెడతాను, ఉప్పు మరకలు తుడిచి తుడిచి ముందు గాజు కోటింగ్ పాడవడం కంటే ఫిల్టర్ పాడవడం నయం. సూర్యుడికి ఎదురుగా తీసేటప్పుడు, రాత్రి దీపాలు ఫ్రేమ్‌లో ఉన్నప్పుడు తీసెయ్యండి, లేకపోతే వెలుగు చుక్కలు రెండేసి కనిపిస్తాయి. పోలరైజర్‌ని దాని మీదే బిగించకండి. వైడ్‌లో మూలలు నల్లబడతాయి.

## 7. నీటి అడుగున ఏం చేయాలి?

సీలింగ్ ఉన్న కెమెరాని నీళ్లలో దించడం అంటే చేతులారా పోగొట్టుకోవడమే. వారం రోజుల సెలవుకి పెద్ద హౌసింగ్ (కెమెరాకి నీరు చొరని పెట్టె) కొనమని కూడా చెప్పను. యాక్షన్ కెమెరా గానీ, ఓఎం సిస్టమ్ టఫ్ టీజీ-7 లాంటి నీళ్లలో దిగే చిన్న కెమెరా గానీ చాలు. టీజీ-7 విడిగానే 15 మీటర్ల లోతు దాకా తట్టుకుంటుంది, ఈతకు ఇంకేం కావాలి?

హౌసింగ్ అద్దెకు దొరికితే, ముందు గాజు చదునుగా ఉందా, గుమ్మటంలా ఉందా చూడండి. చదును గాజు వెనక దృశ్యం మూడో వంతు పెద్దదై కనిపిస్తుంది, 24 మి.మీ. లెన్స్ 32లా పని చేస్తుంది. గుమ్మటం గాజుతో 24 అలాగే 24గా ఉంటుంది.

నీటిలో జూమ్ చెయ్యొద్దు. మధ్యలో నీరు ఎంత ఎక్కువ ఉంటే ఫొటో అంత మసక. వైడ్‌లో ఉంచి, చేతికి అందేంత దగ్గరికి వెళ్లండి. రంగుల్లో ఎరుపు అన్నింటికంటే ముందు పోతుంది, కొద్ది మీటర్ల లోతులోనే. అందుకే సూర్యుడు పైకి వచ్చాక, లోతు తక్కువ ఉన్న చోట తీసినవే రంగులతో వస్తాయి. పగడాలను పట్టుకోవద్దు, వాటి మీద నిలబడొద్దు.

## 8. బయలుదేరే ముందు వారం

కొత్త లెన్స్ కొంటే ప్రయాణం రోజు పెట్టె విప్పకండి. ఒక రోజంతా ఇంటి దగ్గర ఆ ఒక్క లెన్స్‌తోనే తిరగండి. ఏ ఫొటో తీయలేకపోయారో రాసుకోండి. అదే ఫొటో మీ దీవి కాగితంలో కూడా ఉంటే లెన్స్ మార్చండి, లేకపోతే నిశ్చింతగా ఉండండి.

సంచిలో ఉండాల్సినవి:

- మొదటి లెన్స్ కెమెరాకి తగిలించి, రెండోది విడిగా
- రెండు లెన్స్‌లకూ హుడ్‌లు
- పోలరైజర్, అవసరమైతే ఎన్‌డీ
- దుమ్ము ఊదే రబ్బరు బ్లోయర్
- మైక్రోఫైబర్ గుడ్డలు నాలుగు, ఒక్కోటి విడి కవర్‌లో
- కెమెరా మొత్తం పట్టే జిప్ కవర్లు రెండు
- సిలికా జెల్ పొట్లాలు
- సంచి మీద కప్పడానికి వాన కవర్
- అదనపు బ్యాటరీలు, విమానంలో చేతి సంచిలోనే

లెన్స్‌లు ఎప్పుడూ చేతి సంచిలోనే పెట్టండి. దీవుల మధ్య తిరిగే చిన్న విమానాల్లో చేతి సంచి బరువు మీద పట్టింపు ఎక్కువ. ఇంట్లోనే సంచి తూచుకుని వెళ్లండి.

## 9. చెమ్మ పట్టడం: ముందే ఆపండి

మొదటిసారి దీవికి వెళ్లినప్పుడు సూర్యోదయానికి పది నిమిషాల ముందు ఏసీ గదిలోంచి పరుగెత్తాను. కెమెరా తీయగానే లెన్స్ పాలగాజులా తెల్లబడింది. తుడిచాను. మళ్లీ పట్టింది. మళ్లీ తుడిచాను. సూర్యుడు నా కోసం ఆగలేదు.

జరిగేది ఇది. బయట గాలిలో నీటి ఆవిరి ఎంత ఎక్కువంటే, 24-25 డిగ్రీల వస్తువు తగిలినా నీరుగా మారిపోతుంది. మీ గది 21 డిగ్రీల్లో ఉంటే లెన్స్ కూడా అంతే చల్లగా ఉంటుంది. గాజు వేడెక్కేదాకా ఎంత తుడిచినా మళ్లీ పడుతుంది.

చేయాల్సింది:

1. గదిలో ఉండగానే కెమెరాని జిప్ కవర్‌లో పెట్టి గాలి చొరకుండా మూయండి.
2. కవర్‌తో సహా వరండాలో నీడన పెట్టండి. చిన్న లెన్స్‌కి 20-30 నిమిషాలు, బరువైన టెలికి (దూరపు లెన్స్‌కి) ముప్పావు గంట.
3. చెమ్మ కవర్ పైన పడుతుంది, లెన్స్ మీద కాదు. కవర్ పైభాగం ఆరాక తీయండి.
4. సూర్యోదయానికి వెళ్లాలంటే అలారం ఇంకో ముప్పావు గంట ముందుకు జరపండి. కెమెరా బయట పెట్టి మళ్లీ పడుకోండి.

కెమెరా చల్లగా ఉన్నంతసేపు లెన్స్ విప్పకండి. చెమ్మ సెన్సర్ మీదికి చేరుతుంది.

వీలైతే ఏసీని 26 దగ్గర ఉంచండి. సగం సమస్య అక్కడే తీరుతుంది.

## 10. ఇసుక, ఉప్పు, పడవ

లెన్స్ బయట మార్చక తప్పకపోతే: ఇసుక వదిలి గట్టి నేల మీదికి రండి. గాలికి వీపు పెట్టండి. కెమెరా ఆఫ్ చేయండి. రెండో లెన్స్ వెనక మూత ముందే వదులు చేసి ఉంచుకోండి. కెమెరా నోరు కిందికి ఉంచి మార్చండి. మొత్తం పది సెకన్లు మించకూడదు, ఇంట్లో సాధన చేస్తే ఐదుకు వస్తుంది.

ఇసుక మీద సంచి పెట్టకండి, జిప్ పళ్లలో ఇసుక చేరితే అక్కడి నుంచి లెన్స్‌లోకే వస్తుంది. జూమ్ తిప్పినప్పుడు గొట్టం బయటికి సాగే లెన్స్‌లకు ఇది మరీ ప్రమాదం. గొట్టం మీద ఇసుక కనిపిస్తే వెనక్కి తిప్పకండి. సాగి ఉండగానే బ్లోయర్‌తో ఊదండి, ఆ తరువాతే మూయండి.

పడవ మీద:

- గాలి కొట్టే వైపు కాకుండా రెండో వైపు, వెనక భాగంలో కూర్చోండి. ముందు కుదుపూ ఎక్కువ, తుంపరా ఎక్కువ.
- లెన్స్‌ని పడవ అంచుకి ఆనించకండి. ఇంజిన్ అదురు నేరుగా ఫొటోలోకి వస్తుంది. మోచేతులు ఒంటికి ఆనించి పట్టుకోండి.
- షట్టర్ 1000వ వంతు కంటే నెమ్మదిగా వద్దు, ఎగిరే డాల్ఫిన్‌కి 2000. స్టెబిలైజర్ మీ చేతి వణుకునే ఆపుతుంది, డాల్ఫిన్‌ని కాదు.
- తీయనప్పుడు మూత పెట్టండి. మూత పెట్టని మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని) కెమెరాలో లెన్స్ ఎండని భూతద్దంలా సెన్సర్ మీదికో షట్టర్ మీదికో పంపుతుంది.

ఒళ్లంతా సన్‌స్క్రీన్ రాసుకుని అదే చేత్తో లెన్స్ పట్టుకోవద్దు. దోమల మందు ఇంకా ప్రమాదం, అందులో డీట్ అనే రసాయనం ఉంటే ప్లాస్టిక్‌నీ రబ్బరునీ కరిగిస్తుంది. రాసుకున్నాక అరచేతులు సబ్బుతో కడిగి కెమెరా ముట్టుకోండి.

## 11. తరచూ జరిగే పొరపాట్లు, దిద్దుబాట్లు

తీరం ఫొటోలు బూడిద రంగులో వస్తున్నాయి. తెల్ల ఇసుకను చూసి కెమెరా మోసపోతోంది. ఎక్స్‌పోజర్‌ని సుమారు +1 పెంచండి.

అన్నీ కొంచెం మెత్తగా ఉన్నాయి. ముందు గాజు చూడండి. వేలి ముద్రో, ఉప్పు పొరో ఉంటుంది. అది కాకపోతే అపర్చర్ చూడండి, ఏపీఎస్-సీలో ఎఫ్/11, ఫుల్ ఫ్రేమ్‌లో ఎఫ్/16 దాటితే ఏ లెన్స్ అయినా మెత్తబడుతుంది.

మనుషుల కళ్ల కింద నల్లటి నీడలు. సూర్యుడు నెత్తిన ఉన్నాడు. లెన్స్ మార్చి లాభం లేదు, చెట్టు నీడ అంచుకి తీసుకెళ్లండి. ఇసుక నుంచి ఎగసే వెలుగు ముఖాన్ని నింపుతుంది.

అడవిలో అన్నీ కదిలిపోయాయి. దట్టమైన చెట్ల కింద బయటి వెలుతురులో చాలా కొద్ది వంతే నేలకు చేరుతుంది. ఐఎస్ఓ 3200కి భయపడకండి. 35 ప్రైమ్ ఉంటే ఆ రోజు అదే తగిలించుకుని బయలుదేరండి.

జూమ్ రింగు కరకరలాడుతోంది. ఇసుక లోపలికి వెళ్లింది. బలవంతంగా తిప్పకండి, నూనె వేయకండి. ఏదో ఒక ఫోకల్ లెంగ్త్ దగ్గర ఆపి, మిగతా ప్రయాణం దాన్ని ప్రైమ్‌లా వాడండి. తిరిగొచ్చాక సర్వీస్‌కి ఇవ్వండి.

కెమెరా ఉప్పునీట్లో పడింది. వెంటనే తీసి, ఆన్ చేయకుండా బ్యాటరీ, కార్డు తీసెయ్యండి. ఉప్పు లోపలి లోహాన్ని తినడం వెంటనే మొదలుపెడుతుంది. ఫొటోలు కార్డులో క్షేమంగానే ఉండొచ్చు. దాన్ని మంచినీళ్లతో కడిగి పూర్తిగా ఆరబెట్టాకే వాడండి.

## 12. ప్రతి రాత్రీ పది నిమిషాలు, ఇంటికొచ్చాక ఒక గంట

రాత్రి గదికి రాగానే వరస ఇది. ముందు బ్లోయర్, తరువాత గుడ్డ. ఇసుక ఉండగా గుడ్డ ఆడిస్తే గాజు మీద గీతలు పడతాయి. నోటితో ఊదకండి, ఉమ్మి తుంపర పడుతుంది.

బయటి భాగాలను మంచినీటితో కొద్దిగా తడిపి గట్టిగా పిండిన గుడ్డతో తుడవండి. ఎండిన ఉప్పు పొడి గుడ్డకి రాదు, తడికే కరుగుతుంది. తరువాత పొడి గుడ్డ. ఆ గుడ్డ మళ్లీ లెన్స్ గాజుకి వాడకండి.

ఇంటికొచ్చాక:

- సంచి పూర్తిగా ఖాళీ చేసి, తిరగేసి దులపండి. మూలల్లో ఎంత ఇసుక ఉందో చూసి ఆశ్చర్యపోతారు.
- ఫిల్టర్లు విప్పి, బిగించే చోటున్న మరగీతలను తుడవండి. ఉప్పు పట్టిన ఫిల్టర్ నెల తరువాత విప్పబోతే ఊడి రాదు.
- లెన్స్‌లను మూసిన పెట్టెలో కొత్త సిలికా జెల్‌తో ఉంచండి. తేమ 40-50 శాతం మధ్య ఉంటే చాలు. 60 దాటి ఎక్కువకాలం ఉంటే గాజు లోపల సాలెగూడులా బూజు పెరగవచ్చు.
- ఎఫ్/16 పెట్టి, ఫోకస్ తప్పించి, తెల్ల గోడను ఒక ఫొటో తీయండి. పెద్దది చేసి మూలలు చూడండి. నల్ల చుక్కలు కనిపిస్తే సెన్సర్ మీద దుమ్ము ఉంది. బ్లోయర్‌తో పోకపోతే మీరు గీకకుండా సర్వీస్‌కి ఇవ్వండి, అది ఇసుక రేణువు అయితే గుడ్డ తగిలిన చోటల్లా గీత పడుతుంది.